ఒట్టి పళ్ళెం తిరిగి రాదు

తెరుబలిలో మా తెలుగిళ్ళకీ పక్కనున్న ఒడియా ఇళ్ళకీ మధ్య ఎవరూ రాయని చట్టం ఒకటుండేది. పక్కింటి నుంచి పళ్ళెంలో ఏదైనా వస్తే, ఆ పళ్ళెం ఒట్టిగా తిరిగి వెళ్ళకూడదు. కడిగి, తుడిచి, అందులో ఏదో ఒకటి పెట్టే పంపాలి. పెరట్లో కాసిన రెండు వంకాయలు కావచ్చు, అరటిపండు కావచ్చు. ఇంట్లో ఏమీ లేని రోజున గుప్పెడు బియ్యమైనా, చిటికెడు పంచదారైనా సరే. ఆటలో పడి ఒట్టి పళ్ళెంతో పరుగెత్తబోయే పిల్లల్ని మా మామ్మ గుమ్మంలోనే ఆపేసేది. "ఒట్టి పల్లెం ఎలాగ అట్టుకెల్తావే, సిగ్గు నేదేటి? ఉండు, బెల్లం ముక్కెయ్యనీ" అని కేకేసేది. గోడకవతల ఒడియా మావుసీ తన కోడలికి చెప్పే పాఠమూ అదే: "ఖాలి థాళి ఫేరాంతి నాహిఁ." భాషలు రెండు, చట్టం ఒకటి.

ఆ చట్టం ఇప్పుడు లేదు. దాన్నెవరూ రద్దు చెయ్యలేదు. పళ్ళేలు ఇంటింటికీ తిరగడం ఆగిపోయింది, దాంతో చట్టానికి పని లేకుండా పోయింది. ఇత్తడి పోయి స్టీలొచ్చింది కదా, అందుకే అన్నీ పోయాయి అని మా వాళ్ళు తరచూ అంటుంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు మా ఊరు, ఆ తరవాత మా పళ్ళేలు చెప్పాలి.

తెరుబలి ఎక్కడని అడిగేవాళ్ళకి రైలుదారి చెప్పడమే సులువు. విజయనగరం నుంచి రాయపూరు వెళ్ళే లైను బొబ్బిలి, పార్వతీపురం దాటి కొండల్లో పడుతుంది. రాయగడ వస్తుంది. ఇంకొంచెం పైకి వెళితే తెరుబలి. పార్వతీపురం దాకా ముందే ఉన్న ఆ లైనుని బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు రాయపూరు దాకా కలిపింది 1931లో. అప్పటికి ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ, జయపురం మహారాజావారి ఎస్టేటు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక కోరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న అందులోంచి రాయగడ జిల్లా విడివడింది. గీతలు జరిగాయి గాని మనుషులు జరగలేదు. రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం బజార్లలో తెలుగు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంది. పెళ్ళి సంబంధాలు పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, పాలకొండల నుంచే వచ్చేవి. మజ్జిగౌరమ్మ మొక్కులకి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల జనం నాగావళి ఒడ్డున ఉన్న రాయగడ గుడికి నేటికీ రైళ్ళూ బస్సులూ కట్టుకుని వస్తారు.

ఆపైన కర్మాగారాలు వచ్చాయి. రాయగడలో చక్కెర, జేకేపూర్‌లో కాగితం, తెరుబలిలో లోహం. బంశీధర్ పండా, ఇలా పండా దంపతులు 1961లో స్థాపించిన ఇండియన్ మెటల్స్ అండ్ ఫెర్రో ఎల్లాయ్స్ కంపెనీ కొలిమి ఇక్కడే రాజుకుంది. మా నాన్నలాంటి వాళ్ళు ఆ కొలిమి జీతం మీద ఇళ్ళు నడిపారు. క్వార్టర్లలో గంజాం ఒడియావాళ్ళు, కటక్ ఒడియావాళ్ళు, పార్వతీపురం తెలుగువాళ్ళు, కొన్ని బెంగాలీ కుటుంబాలు. బంధువులు దూరం. ఇంట్లో శుభకార్యం వస్తే చుట్టుపక్కల వాళ్ళే బంధువులు, వాళ్ళింటి సామానే మన సామాను.

ఆ సామానులో పెద్దపీట పళ్ళేనిది. ఇవాళ అన్నిటికీ కలిపి ట్రే అనేస్తున్నాం గాని, మా ఇంట్లో ఒక్కో పనికి ఒక్కో పళ్ళెం, ఒక్కో పళ్ళేనికి ఒక్కో పేరు. అన్నం తినేది కంచం. పళ్ళెం అంటే పెట్టడానికీ, పంపడానికీ, పట్టుకుని నిలబడడానికీ. ఆకు, వక్క, పండు, పువ్వు పెట్టి వచ్చినవాళ్ళ ముందుంచేది తాంబాళం. తమిళులూ దాన్ని అదే మాటతో పిలుస్తారు. లోతుగా, బరువుగా, ఎత్తు అంచుతో ఉండేది హరివాణం. కన్నడంలోనూ అది హరివాణమే. తలంబ్రాల బియ్యం పొయ్యాలన్నా, నైవేద్యానికి చక్కెర పొంగలి తియ్యాలన్నా హరివాణమే కిందికి దిగేది. మా తాతయ్య మాత్రం పలచటి రేకు పళ్ళేన్ని తబుకు అనేవాడు. అరబ్బీ తబక్ పారశీకం మీదుగా, ఉర్దూ మీదుగా ఆయన నోటికి వచ్చిందని ఆయనకి తెలియదు. ఆయనకి అది కచేరీల్లో, జమీందారీ లోగిళ్ళలో తిరిగిన పెద్దవాళ్ళ మాట, అంతే. గంజి వార్చేటప్పుడు మూత పెట్టే చిల్లుల సిబ్బి వేరు, బియ్యం చెరిగే చేట వేరు, వెదురుతో అల్లి నెత్తిన పెట్టుకునే తట్ట వేరు. శ్రీవైష్ణవుల ఇళ్ళలో తళిగ అనే మాట పళ్ళేన్ని దాటి పళ్ళెంలోని ప్రసాదానికే పేరైపోయింది. ఒడియావాళ్ళకి చిన్నదైనా పెద్దదైనా థాళి. పెరటి గోడ మీదుగా "ఒక తబుకివ్వండి" అని తాతయ్య అడిగితే మావుసీ థాళి ఇచ్చేది. ఇచ్చింది సరైనదే అయ్యేది.

ట్రే అన్న మాట మా క్వార్టర్లలోకి టీతో వచ్చింది. ఆఫీసర్ల ఇళ్ళలో పింగాణీ కప్పులు, సాసర్లు, వాటి కింద పూలబొమ్మల రేకు ట్రే. దాన్ని చూసి మేం ముచ్చటపడ్డాం. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ ముందు పిల్ల టీ కప్పులున్న ట్రేతో రావాలన్న పద్ధతి కూడా అలాగే వచ్చింది. అయినా అది టీకి మాత్రమే. తాంబూలాన్ని ట్రేలో పెడితే మామ్మ ముట్టుకునేది కాదు.

పళ్ళేలు కొనడం ఒక పండగ. ఇత్తడి, కంచు తూకానికి అమ్మేవారు. కిలోలు వచ్చాక కూడా చాలాకాలం మామ్మ లెక్క వీశెల్లోనే సాగింది. పార్వతీపురం బజారు వాళ్ళ దుకాణాల్లో కొనేవాళ్ళు కొందరు, సంతకొచ్చిన కంచరివాళ్ళ దగ్గర బేరమాడేవాళ్ళు కొందరు. సరుకు మంచిదని చెప్పాలంటే "బుడితి పని" అనేవారు. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో బుడితి అన్న ఊరు ఇత్తడి, కంచు పనికి తరతరాలుగా పేరున్నది. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఒడియావాళ్ళయితే భువనేశ్వర్ దగ్గరి బాలకాటి కంచునీ, మహానది ఒడ్డున ఉన్న కంటిలో ఇత్తడినీ పొగిడేవారు. బుడితి గొప్పా, బాలకాటి గొప్పా అని మామ్మా మావుసీ వాదించుకునేవారు. పళ్ళేన్ని వేలితో మీటి మోత వినడం పరీక్ష. కంచు ఖంగుమని మోగి చాలాసేపు పలకాలి. రాగీ తగరమూ కలిస్తే కంచు, రాగీ యశదమూ కలిస్తే ఇత్తడి. తగరం ఎక్కువైన కంచు మోత బాగుంటుంది గాని కిందపడితే పగులుతుంది. అందుకే కంచు పళ్ళేన్ని పిల్లల చేతికిచ్చేవారు కారు. పోతపోసిన పళ్ళెం బరువు, రేకు కొట్టినది తేలిక. ఊరేగింపులో నెత్తిన పెట్టుకోవడానికి రేకుది, ఇంట్లో శాశ్వతంగా ఉండడానికి పోతది.

కొన్నాక అంచు మీద పేరు కొట్టించడం తప్పనిసరి. దుకాణంలో ఒక మూల చిన్న ఉలీ సుత్తీ పట్టుకుని ఒకతను కూర్చునేవాడు. చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ అక్షరాలు కట్టేవాడు. ఇంటిపేరు, పేరు, ఊరు. ఆడపిల్ల పెళ్ళికి ఇచ్చిందయితే ఆ పిల్ల పేరు. పోయినవాళ్ళ గుర్తుగా కొన్నదయితే "జ్ఞాపకార్థం" అని. కొందరు సంవత్సరం కూడా వేయించేవారు. తెలుగు అక్షరాలూ ఒడియా అక్షరాలూ రెండూ గుండ్రంగానే ఉంటాయి. చుక్కల్లో కొడితే దూరం నుంచి ఏది ఏదో తెలియదు. దగ్గరికి తెచ్చి చదివితేనే అది ఎవరి పళ్ళెమో తేలేది.

ఆ పేర్లకి అసలు పని పెళ్ళిళ్ళలో పడేది. క్వార్టర్లలో ఏ ఒక్క ఇంట్లోనూ పెళ్ళికి చాలినన్ని పళ్ళేలు ఉండేవి కావు, ఉండాలని ఎవరూ అనుకునేవారూ కారు. పెళ్ళి నిశ్చయమవగానే ఆ ఇంటి ఆడవాళ్ళు బొట్టు పెట్టి పిలవడానికి వెళ్ళినప్పుడే, పిలుపుతో పాటు సామాను కూడా అడిగి వచ్చేవారు. "మీ హరివాణం కావాలమ్మా, పెద్దది. మీ గంగాళం కూడా." ఇచ్చేవాళ్ళు గర్వంగా ఇచ్చేవారు. అడగకపోతే చిన్నబుచ్చుకునేవారు. "మా పళ్ళెం లేకుండా చేసీసినారు పెళ్ళి" అన్న నిష్ఠూరం మా కాలనీలో చాలా పెద్ద నిష్ఠూరం.

పెళ్ళి మొదలైందగ్గర్నుంచి పూర్తయ్యేదాకా పళ్ళెం లేని ఘట్టం లేదు. తాంబూలాలు పుచ్చుకోవడానికి రెండు వైపులా పళ్ళేలు మారాలి. ఐదో, ఏడో, తొమ్మిదో, పదకొండో, బేసి సంఖ్యలోనే ఉండాలి. పెళ్ళికొడుకు కాళ్ళు కడగడానికి ఒక పళ్ళెం, అది వేరే దేనికీ వాడరు. మంగళసూత్రాలు కొబ్బరిబొండం మీద ఉంచి, అక్షింతలు పోసి, పెద్దలందరి చేతా తాకించడానికి పందిట్లో తిప్పే పళ్ళెం ఇంకొకటి. దాన్ని పట్టుకుని వరుసల్లో తిరగడం పెళ్ళికాని ఆడపిల్లల హక్కు. తలంబ్రాలకి రెండు. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళ హారతికి ఒకటి. అప్పగింతల వేళ పాలు పోసిన పళ్ళెంలో పిల్ల చేతులు ముంచి అత్తమామల చేతుల మీద అద్దుతారు. అక్కడికొచ్చేసరికి పందిరంతా ఏడ్చేది. ఆ పాల పళ్ళెం మీద ఒడియా అక్షరాల్లో మావుసీ పుట్టింటి పేరుండడం ఎవరికీ వింతగా అనిపించేది కాదు.

ఆ తరవాత సారె. ఉత్తరాంధ్రలో సారె అంటే తెలుసు కదా, కావిళ్ళకెత్తి పంపాలి. లడ్డూలు, అరిసెలు, జంతికలు, కజ్జికాయలు, చలిమిడి, బెల్లం గవ్వలు. కోడలితో వచ్చిన సారె ఒక్క ఇంటివాళ్ళు తినడానికి కాదు. ఊరంతా పంచాలి. మా కాలనీలో ఆ పని సాయంత్రం పూట జరిగేది. పళ్ళెంలో ఒక్కో రకం కొన్ని కొన్ని సర్ది, మీద తువ్వాలు కప్పి, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని కొత్తకోడలు ఇంటింటికీ వెళ్ళేది. ఇంటావిడ తువ్వాలు తీసి చూసి, లడ్డూ సైజు మీద ఒక వ్యాఖ్య చేసి, ఖాళీ అయిన పళ్ళెంలో పసుపు, కుంకుమ, రెండు పళ్ళు, ఇష్టమైతే ఒక రవికల గుడ్డ పెట్టేది. అలా కాలనీ చుట్టివచ్చేసరికి కోడలికి ఇళ్ళన్నీ తెలిసేవి, ఇళ్ళన్నిటికీ కోడలు తెలిసేది. పరిచయాలకి వేరే ఏర్పాటు అక్కరలేకపోయేది.

పెళ్ళయిన మర్నాడు పెరట్లో పళ్ళేల గుట్ట పడేది. చింతపండు నానబెట్టి, బూడిద, కొబ్బరి పీచు పెట్టి తోమడం. కుళాయి దగ్గర కబుర్లతో మొదలై మధ్యాహ్నానికి భుజాలు పడిపోయేవి. కాలనీలో అందరూ పెద్దక్క అని పిలిచే ఒకావిడ వాకిట్లో పీట వేసుకుని కూర్చుని అంచులు చదివేది. ఆవిడకి ఒడియా అక్షరాలు కూడా వచ్చు. బడికి వెళ్ళి నేర్చుకున్నది కాదు, పళ్ళేల అంచుల మీదే నేర్చుకున్నది. "ఇది రైల్వే వాళ్ళది, ఇది మూడో లైనులో బెంగాలీ వాళ్ళది, ఇదేటి, మా తోడికోడలుది, పోయిందనుకుని ఆ మధ్యన ఒకటే గోల" అంటూ వేరుచేసేది. సాయంత్రానికి పళ్ళేలన్నీ ఇళ్ళకి చేరేవి. ప్రతిదానిలోనూ పెళ్ళి మిఠాయి ఉండేది. చట్టం చట్టమే.

పెళ్ళిళ్ళు లేని రోజుల్లో పండగలు పళ్ళేల్ని తిప్పేవి. సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలు వెళితే, ఒడియా ఇళ్ళ నుంచి అరిసా పిఠా వచ్చేది. రెండూ బియ్యప్పిండీ బెల్లం పాకమే. మాది మెత్తనా, వాళ్ళది మెత్తనా అన్నదే తేడా. జూన్ నడుమ రజ పండక్కి ఆకుల్లో కాల్చిన పొడ పిఠా వచ్చేది. మేం ఆవకాయ జాడీలు కట్టే రోజులు కావడంతో, తిరుగు పళ్ళెంలో కొత్తావకాయ గిన్నె వెళ్ళేది. ఆవకాయని ఇత్తడి మీద నేరుగా పెట్టకూడదు. పులుపు తగిలితే ఇత్తడి చిలుము పడుతుంది, కంచుకి ఆ బాధ తక్కువ. పులిహోర కలిపే పెద్ద పళ్ళేలకి అందుకే కళాయి పూయించేవారు. కళాయి మనిషి చెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, తోలుతిత్తి పెట్టి, బొగ్గు రాజేసేవాడు. కాలిన పళ్ళెం మీద నవసాగరం చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు. పచ్చటి పళ్ళెం కళ్ళముందే తెల్లబడేది. ఆ ఘాటు పొగకి దగ్గుతూనే పిల్లలందరం చుట్టూ నిలబడేవాళ్ళం.

పళ్ళెం పంపడానికయితే, తినడానికి పెళ్ళిళ్ళలో ఆకు. మా కొండల్లో అడ్డతీగ విరివిగా ఉంటుంది. ఒడియాలో సియాలి. నడిమికి చీలినట్టుండే వెడల్పాటి ఆకు. కొండమీది కోందు ఆడవాళ్ళు ఆ ఆకులు కోసి, కట్టలు కట్టి సంతకి దింపేవారు. కొన్ని ఇళ్ళలో విడి ఆకులు కొని, వెదురు ఈనెలతో స్వయంగా కుట్టుకునేవారు. కుట్టిన విస్తళ్ళు కూడా సంతలో దొరికేవి. వేడి అన్నం పడగానే అడ్డాకు నుంచి వచ్చే వాసన అరిటాకు వాసన కాదు, దాని తీరు దానిది. భోజనాలయ్యాక ఆకులు పశువులు తినేవి, మిగిలింది ఎరువులో కలిసేది. ఇత్తడి పళ్ళెం వందేళ్ళు మన్నేది, అడ్డాకు విస్తరి ఒక్క పూటకి. రెండూ చెత్తకుప్పకి చేరేవి కావు.

ఇక స్టీలు సంగతి. డెబ్భైలు, ఎనభైల్లో స్టీలు సామాను మా కాలనీలోకి గంపల్లో వచ్చింది. పాత బట్టలకి స్టీలు గిన్నె, పాత పట్టుచీర జరీకి స్టీలు డబ్బా. తరవాత ఇత్తడి తూకానికి తీసుకుని స్టీలు ఇచ్చే దుకాణాలు రాయగడలో, పార్వతీపురంలో వెలిశాయి. మెరిసేది, తేలికగా ఉండేది, చింతపండు అడగనిది, కళాయి అక్కరలేనిది. నడుములు పడిపోయేలా తోమిన ఆడవాళ్ళకి అది వరం. ఇత్తడి పోయిందని ఇవాళ కవిత్వం చెప్పేవాళ్ళలో చాలామంది దాన్ని తోమిన చేతులవాళ్ళు కారు. మా అమ్మ ఏనాడూ ఇత్తడి కోసం ఏడవలేదు.

విశేషమేమిటంటే, స్టీలుకి ఆ మెరుపునిచ్చే సరుకు మా ఊళ్ళోనే తయారయ్యేది. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తేనే అది తుప్పు పట్టని స్టీలవుతుంది. వంటింటి స్టీలులో సాధారణంగా 18 శాతం దాకా ఉంటుంది. గాలి తగలగానే ఆ క్రోమియం పైన కంటికి కనిపించని పలచటి పొర కడుతుంది. పులుపూ తడీ ఆ పొరని దాటలేవు. క్రోమియాన్ని స్టీలులో కలపడానికి ముందు దాన్ని ఫెర్రోక్రోమ్‌గా కరిగించాలి. తెరుబలి కొలుములు మొదట్లో ఫెర్రో సిలికాన్ వంటివి తీశాయి, తరవాత ఫెర్రోక్రోమ్‌కి మళ్ళాయి. దేశంలోని క్రోమైట్ ఖనిజంలో దాదాపు అంతా ఒడిశాలోనే, అందులోనూ జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో ఉంది. ఆ రాయి ఇంత దూరం వచ్చి, బొగ్గుతో పాటు కరెంటు కొలిమిలో కరిగి, సగానికి పైగా క్రోమియం ఉన్న ముద్దలై రైలెక్కేది. ఎక్కడెక్కడి స్టీలు కర్మాగారాలకో వెళ్ళేది. మా నాన్నలు షిఫ్టుల్లో కరిగించిందే పళ్ళెమై, గిన్నెయి, మా అమ్మల చేతికి తిరిగొచ్చింది. ఇంట్లో ఇత్తడిని అటకెక్కించిన లోహం మా ఇంటి జీతం కూడా ఇచ్చింది. అలాంటప్పుడు దాన్ని దోషిని చెయ్యడం మాకు తగదు.

పైగా స్టీలొచ్చినంత మాత్రాన పళ్ళేలు తిరగడం ఆగలేదు. నేను చూశాను. స్టీలు పళ్ళేల మీద కూడా పేర్లు చెక్కించాం, ఈసారి కరెంటు మిషనుతో, వంకర గీతల అక్షరాల్లో. స్టీలు పళ్ళెంలోనే అరిసెలు వెళ్ళాయి, స్టీలు పళ్ళెంలోనే పొడ పిఠా వచ్చింది. తాంబూలాలు స్టీలు పళ్ళేల్లో మార్చుకున్నారు. మంగళసూత్రానికీ, కాళ్ళు కడగడానికీ మాత్రం ఇత్తడో వెండో ఉంచుకున్నారు. అంటే లోహం మారినా మర్యాద నిలిచింది. పెద్దక్క స్టీలు అంచుల్ని కూడా అలాగే చదివేది.

ఆగింది తరవాత. పెళ్ళిళ్ళు క్వార్టరు ముందు పందిట్లోంచి కల్యాణమండపాలకి వెళ్ళాయి. మండపంవాడు గదులతో పాటు గిన్నెలూ ఇస్తాడు. కేటరింగువాళ్ళు తమ పళ్ళేలు తామే తెచ్చుకుంటారు, తామే కడుక్కుంటారు. అడగవలసిన అవసరం పోయింది. అడగనివాళ్ళకి ఇవ్వరు, ఇవ్వనివాళ్ళకి తిరిగి రాదు. సారె లడ్డూలు అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి. అట్టపెట్టెని ఎవరూ తిరిగివ్వరు కదా, కాబట్టి అందులో ఏం పెట్టి పంపాలన్న బెంగ లేదు. తాంబూలానికి ప్లాస్టిక్ కవరు. విందుకి థర్మకోల్ పళ్ళెం. అప్పటికే ఉద్యోగాల కోసం మా తరం విశాఖపట్నానికీ, హైదరాబాదుకీ, భువనేశ్వర్‌కీ, ఇంకా దూరాలకీ చెదిరిపోయింది. పదవీ విరమణ చేసిన నాన్నలు క్వార్టర్లు ఖాళీ చేసి పార్వతీపురం వైపు దిగిపోయారు. ఊరు మారుతున్నప్పుడు బరువు తగ్గించుకోవడానికి అటక మీది ఇత్తడి తూకానికి వెళ్ళింది.

2022 జులై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు. ఆ జాబితాలో పళ్ళేలు, కప్పులు, గ్లాసులతో పాటు ట్రేలూ ఉన్నాయి. దాంతో అడ్డాకుకి మళ్ళీ కొంచెం గిరాకీ పెరిగింది. ఇప్పుడు మిషను మీద అచ్చువేసిన గట్టి ఆకు పళ్ళేలు వస్తున్నాయి. కొండమీది ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులొస్తే సంతోషమే. అయితే అది పోయినదానికి బదులు కాదు. ఆకు ఎప్పుడూ తిని పారేసేదే. ఇంటికీ ఇంటికీ మధ్య తిరిగే పని ఏనాడూ దానిది కాదు.

ఇత్తడికీ స్టీలుకీ తగవు పెట్టడం దండగ అనేది అందుకే. ఒకరింటి వస్తువు లేకుండా ఇంకొకరింటి శుభకార్యం జరగని రోజుల్లో ఆడవాళ్ళకి రెండు లిపులు వచ్చాయి, పిల్లలకి రెండు భాషలు వచ్చాయి, కొత్తకోడలికి మూడో రోజుకే కాలనీ అంతా తెలిసింది. తోమలేక చచ్చిన మాట కూడా నిజమే. అడగడం నామోషీ అనుకున్న రోజు నుంచి పళ్ళెం అటకెక్కింది. అది ఏ లోహంతో చేసినదైనా అటకే ఎక్కి ఉండేది.

రాయగడలోనో, కోరాపుట్‌లోనో, పార్వతీపురంలోనో, అక్కడి నుంచి వచ్చి ఎక్కడ స్థిరపడినా సరే, ఇంట్లో పాత పళ్ళెం ఉన్నవాళ్ళకి ఒక మనవి. తూకానికి వెయ్యబోయే ముందు అంచు చదవండి. అక్షరాలు ఒడియావైతే చదవగలిగినవాళ్ళ చేత చదివించండి. అది మీదో, మీ దగ్గర ఉండిపోయిన పక్కింటివాళ్ళదో తెలుస్తుంది. వాళ్ళ పిల్లల్ని వెతికి ఇవ్వగలిగితే ఇవ్వండి. మీదే అయితే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, దాన్ని తబుకన్నారో హరివాణమన్నారో, ఎవరి పెళ్ళికి కొన్నారో, ఎవరెవరి పెళ్ళిళ్ళకి ఎరువు వెళ్ళిందో ఒక కాగితం మీద రాసి దానితోనే ఉంచండి. ఆ సంగతులు చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటి ఉన్నారు. అడగడం ఆలస్యం చెయ్యకండి.